ఫ్యాను ఆపేసిన ఎండాకాలం

ఆ ఎండాకాలం మా ఇంట్లో పగలంతా ఫ్యాను ఆపేసే ఉండేది. కిటికీలు బిగించి, తలుపు కింది సందులో పాత తువ్వాళ్ళు కుక్కి, నలుగురం ముందుగదిలో చెమటలు కక్కుతూ ఒక కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళం. ఫ్యాను తిరిగితే మైకులో హోరు వస్తుంది. హోరు వస్తే వదిన చదివిన వాక్యం పనికిరాదని తెర మీద ఎర్ర గుర్తు పడుతుంది. ఎర్ర గుర్తు పడినా బాగుండేది. అంతదాకా వస్తే కదా.

ఆ కంప్యూటరు జబ్బు ఒకటే. మామూలుగా చక్కగా పనిచేసేది. పాటలు వినిపించేది, ఫోటోలు చూపించేది, అన్నయ్య ఉద్యోగాల కోసం రాసుకునే దరఖాస్తులు అచ్చు వేసిపెట్టేది. నెట్ వైరు గుచ్చామా, బిగుసుకుపోయేది. బాణం గుర్తు తెర మధ్యలో ఎక్కడుందో అక్కడే ఆగిపోయేది. మూలనున్న గడియారం కూడా కదిలేది కాదు. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. వైరు పీకి, కరెంటు తీసి, మళ్ళీ పెట్టి, అది తేరుకునేదాకా కాచుకుని, మళ్ళీ వైరు గుచ్చితే మళ్ళీ అదే వరస.

వదిన గొంతులో పుండు పడింది. మాట పుట్టే పెట్టెను మొత్తంగా తీసేస్తే తప్ప ప్రాణానికి భరోసా లేదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆపరేషన్‌కు రోజు కూడా ఖాయం చేశాడు. అదే ఆసుపత్రిలో గొంతుల విభాగమని ఒకటుంది. అక్కడి మేడమ్ మాకొక దారి చూపించింది. వాళ్ళ వెబ్‌సైటులో కొన్ని వందల వాక్యాలుంటాయి. ఆపరేషన్‌కు ముందే వదిన వాటిని మైకులో చదివి పెడితే, ఆ చదివిన దాన్నుంచి వాళ్ళు వదిన గొంతునే యంత్రంలో తయారుచేస్తారు. తర్వాత వదిన టైపు చేస్తే యంత్రం ఆమె గొంతుతో పలుకుతుంది.

"ఒక్కో వాక్యం మా దగ్గరికి వచ్చి, బాగుందని తేలాకే రెండోది వస్తుందమ్మా. కాబట్టి నెట్ ఉండాలి. ఫోనులో కుదరదు, కంప్యూటరే కావాలి. గది నిశ్శబ్దంగా ఉండాలి," అంది మేడమ్. తర్వాత మా వైపు చూడకుండా వదిన వైపే చూసి, "తొందరగా చదివెయ్యండి. రోజూ కొంచెం కొంచెం బొంగురుపోతూ ఉంటుంది," అంది.

వదిన బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే మనిషి. ఊళ్ళో సగం మందికి ఆమె గొంతు తెలుసు, మొహం తెలియదు. మా ఇంట్లోనూ అలాంటి మనిషి ఒకరున్నారు. అమ్మకు చూపు లేదు. వదిన మా ఇంటికి రాకముందే చూపు పోయింది. అంటే అమ్మ వదినను ఎన్నడూ చూడలేదు. అమ్మకు తెలిసిన కోడలంటే ఒక గొంతు. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఆ గొంతుతో మాట్లాడడం, దానితో పోట్లాడడం, అది ఇంట్లో ఏ మూల నుంచి వస్తోందో కనిపెట్టి అటు తిరగడం. రేపు ఆ గొంతు ఆగిపోతే కాగితం మీద రాసి చూపించే వీలు కూడా లేదు. అందుకే అమ్మకు అసలు సంగతి చెప్పలేదు. చిన్న ఆపరేషన్ అని, గొంతులో కండ పెరిగిందని చెప్పాం.

ఎప్పుడో ఒకసారి ప్రింటరులో ఇరుక్కున్న కాగితం లాగినందుకు ఇంట్లోవాళ్ళు నన్ను కంప్యూటర్ డాక్టరును చేసేశారు. నిజానికి నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పేవాణ్ణి. క్లచ్చు గురించి అడిగితే గంట చెబుతాను. దీని గురించి నాకు తెలిసింది శూన్యం.

మొదటిరోజు వదిన తయారై కూర్చుంది. వైరు గుచ్చాం. అదృష్టం కొద్దీ కాసేపు పనిచేసింది. తెర మీద మొదటి వాక్యం పడింది.

"నిన్న కొన్న గొడుగు ఎక్కడ పెట్టావు?" అని చదివింది వదిన.

గోడవార కుర్చీలో కూర్చున్న అమ్మ తలెత్తింది. "మనకు గొడుగెక్కడిదే?"

వదినకు నవ్వొచ్చింది. నవ్వు మైకులో పడింది, ఎర్ర గుర్తు పడింది. "అత్తయ్యా, మిమ్మల్ని కాదు. ఆఫీసు వాళ్ళు ఇలా చదివించుకుంటున్నారు," అని, మళ్ళీ గొడుగు గురించి అడిగింది. ఆ వాక్యం సగంలో ఉండగానే బాణం గుర్తు ఆగిపోయింది.

ఆ రోజు గొడుగు దాటి ముందుకు పోలేదు.

మర్నాటి నుంచి నా తిరుగుడు మొదలైంది. వైరు మార్చాను. నెట్ డబ్బాలో వైరు పెట్టే రంధ్రం మార్చాను. నెట్ కంపెనీవాడిని పిలిపించి డబ్బానే మార్పించాను. ఆఖరికి వైరే వద్దని నా ఫోను నుంచి నెట్ ఇచ్చాను. అప్పుడూ బిగుసుకుపోయింది. దాంతో తప్పు వైరుది కాదని తేలింది. అది తేలినందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

దాన్ని చంకనేసుకుని రిపేరు కొట్టుకు వెళ్ళాను. మెకానిక్ మూత ఊడదీసి, లోపల దుమ్మంతా ఊది, "వేడెక్కుతోంది సార్, ఎండలు కదా," అన్నాడు. కొట్టులో నెట్ పెట్టి చూపించమన్నాను. అతని కళ్ళముందే బిగుసుకుపోయింది. తల గోక్కున్నాడు. "ఫార్మాట్ కొట్టాలి. వదిలేసి వెళ్ళండి. వచ్చే వారం చూస్తాను."

"వచ్చే వారం అంటే మాకు ఆలస్యమవుతుందయ్యా."

అతను వెనక అరలో వరసగా పేర్చిన కంప్యూటర్లు చూపించాడు. "వీళ్ళంతా ముందొచ్చినవాళ్ళు సార్." తప్పు అతనిది కాదు. మళ్ళీ చంకనేసుకుని ఇంటికొచ్చాను.

నెట్ సెంటరుకు వదినను తీసుకెళ్ళాం. పక్క సీట్లో కుర్రాళ్ళ ఆటల కేకలు, బయట హారన్లు. ప్రతి వాక్యానికీ ఎర్ర గుర్తే. స్నేహితుడి ఆఫీసు ల్యాప్‌టాప్ అడిగి తెచ్చాను. అందులో ఆసుపత్రి వెబ్‌సైటు తెరుచుకోలేదు. ఆఫీసు పనికి తప్ప దేనికీ ఒప్పుకోదట. ఆసుపత్రికే వెళ్ళి చదువుతామంటే అక్కడి గది నెలాఖరుదాకా ఖాళీ లేదని మేడమ్ బాధపడింది. కొత్తది కొందామన్న మాట ఎవరూ ఎత్తలేదు. అన్నయ్య ఆఫీసు మూతపడి అప్పటికి చాలాకాలమైంది. ఈ కంప్యూటరు కూడా ఆఫీసు మూసేటప్పుడు ఉద్యోగులకు తలా ఒకటి పంచినదే.

ఇంత తిరుగుడులోనూ వదిన గొంతు మారుతూ వచ్చింది. మొదట్లో పొద్దున మాత్రమే బొంగురుగా ఉండేది. తర్వాత మధ్యాహ్నందాకా ఉండేది. ఒకరోజు బస్టాండులో సాటి మనిషి ఆమెను మైకు ముందు నుంచి లేపి, "ఇక సెలవు పెట్టెయ్, జనాలకు ఊరి పేర్లు అర్థం కావడం లేదు," అని ఇంటికి పంపేసింది. వదిన వచ్చి చెప్పులు విడిచి, అమ్మ పక్కన కూర్చుని, మామూలు కంటే ఎక్కువ మాట్లాడింది ఆ రోజు. అన్నయ్య మాట్లాడొద్దని సైగ చేస్తూనే ఉన్నాడు. గొంతు వాడేస్తే చదవడానికి మిగలదని అతని భయం. వదిన చూసీ చూడనట్టు ఊరుకుంది.

అన్నయ్య ఆ రోజుల్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. కంప్యూటరు ఆగినప్పుడల్లా దాని నెత్తి మీద ఒక్కటి ఇచ్చేవాడు. ఒకసారి కుర్చీ ఎత్తాడు దాని మీద వేయడానికి. నేను చెయ్యి పట్టుకున్నాను. "వదులు," అన్నాడు. వదల్లేదు. కుర్చీ దించి, అందులోనే కూర్చుని, మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. గదిలో అమ్మ ఉందని, ఏడుపు వినపడకూడదని, పళ్ళు బిగబట్టి ఏడ్చాడు. అమ్మ తల అటే తిప్పి ఉంది.

నెట్ కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోను చేసి చేసి వాళ్ళకు నా గొంతు గుర్తుండిపోయింది. ఒకమ్మాయి మాత్రం విసుక్కోకుండా అంతా విని, "సేఫ్ మోడ్‌లో పెట్టి చూశారా సార్?" అంది. సేఫ్ మోడ్ అంటే కంప్యూటరు అత్యవసరమైన పనులు తప్ప మిగతావన్నీ మానేసి లేవడమట. ఆమె చెప్పినట్టే మీటలు నొక్కి లేపాను. వైరు గుచ్చాను. బాణం గుర్తు కదులుతోంది. ఆసుపత్రి పేజీ తెరుచుకుంది. గడియారం నడుస్తోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "వదినా," అని కేకేశాను. వదిన తడి చేతులతో పరుగెత్తుకొచ్చి మైకు ముందు కూర్చుని గొడుగు వాక్యం చదివింది.

ఏ గుర్తూ పడలేదు. మళ్ళీ చదివింది. తెర మీద గీత అలా చదునుగా పడుకునే ఉంది.

ఫోనులో అమ్మాయి కాసేపటికి అంది, "అయ్యో, సేఫ్ మోడ్‌లో సౌండు పనిచేయదు సార్. మైకు కూడా."

నెట్ ఉంటే చెవులు లేవు. చెవులుంటే నెట్ లేదు. వదిన మైకు పక్కకు జరిపి, "డాక్టరు గారూ, మీ రోగి నాకంటే మొండి," అని నాతో పరాచికమాడి లేచి వెళ్ళింది. వంటింట్లో కుళాయి చాలాసేపు పారుతూనే ఉంది.

ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది కూడా ఆ మధ్యాహ్నమే. వదిన ఎత్తింది. విని, పెట్టేసి, అన్నయ్య ముందుకొచ్చి నిలబడింది.

"ఆపరేషన్ వాయిదా వేయమని అడిగారా?"

అన్నయ్య తలెత్తలేదు. "వారం. ఒక్క వారం అడిగాను."

"నాతో చెప్పకుండా?"

"నీకు చెబితే ఒప్పుకోవు."

"నా సంగతి సరే. పుండు ఒప్పుకుందా?" అంది వదిన.

"వారంలో ఏమీ కాదు. వీడు ఎలాగోలా బాగుచేస్తాడు. నువ్వు చదివేస్తావు. ఆ తర్వాత..."

"డాక్టరు వద్దన్నాడట. ఆ మాట చెప్పడానికే ఫోను చేశారు. ఇంట్లోవాళ్ళకు నచ్చజెప్పుకోండమ్మా అంటున్నారు నాతో."

వాళ్ళిద్దరూ మెల్లగానే మాట్లాడుకుంటున్నారు. అమ్మ అదే గదిలో, ఒళ్ళో గిన్నె పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది. ఉందన్న సంగతి మేమంతా మరిచిపోయాం.

"అమ్మాయ్," అంది అమ్మ. "నీ గొంతు ఎప్పుడు తీసేస్తారు?"

వదినే అంది, "మీకెవరు చెప్పారు అత్తయ్యా?"

"నువ్వే చెప్పావు. లేని గొడుగు ఎక్కడ పెట్టావని రోజూ అడుగుతున్నావు. అడిగిన ప్రతిసారీ గొంతు కిందటిసారిలా లేదు. దాన్ని దాచిపెట్టుకుంటున్నావని అర్థమైంది." ఇంకో కాయ ఒలిచింది. "ఎవరికోసమో కూడా అర్థమైంది."

అన్నయ్య ఆమె దగ్గరికెళ్ళి, "అమ్మా, అదేం లేదు," అనబోయాడు.

"నువ్వాగరా," అంది అమ్మ. "నాకూ భయమే. పిలిస్తే పలకని ఇంట్లో ఎలా ఉంటానో నాకు తెలియదు. రాత్రి నిద్ర కూడా పట్టడం లేదు. అయినా ఆ రోజు మార్చొద్దు. ఆ కంప్యూటరు బాగైతే బాగవుతుంది, లేకపోతే లేదు."

ఒలిచిన గింజల్లో చెయ్యి పెట్టి కలిపి చూసుకుని, "ఇవి చాలా, ఇంకా ఉన్నాయా?" అంది.

వదిన వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కింద కూర్చుని, ఇంకో గుప్పెడు కాయలు ఆమె ఒళ్ళో పోసింది. తనూ ఒలవడం మొదలుపెట్టింది. వాయిదా మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు.

హెల్ప్‌లైను అమ్మాయి ఆ రోజు ఫోను పెట్టేసే ముందు ఇంకో మాట కూడా అంది. సేఫ్ మోడ్‌లో ఆగడం లేదంటే యంత్రం మంచిదేనని, లోపల ఏదో ప్రోగ్రాము నెట్ తగలగానే లేచి అడ్డం పడుతోందని. ఏదో మాత్రం మీరే వెతుక్కోవాలంది. కంప్యూటరు లేవగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములు ఎక్కడ కనబడతాయో చెప్పింది. తెరిచి చూస్తే చాంతాడంత ఉన్నాయి. సగం ఆపి, మళ్ళీ లేపి, వైరు గుచ్చి చూశాను. ఆగలేదు. నమ్మలేకపోయాను. ఆపిన వాటిలో సగం మళ్ళీ పెట్టాను. బిగుసుకుపోయింది. దొంగ ఈ సగంలో ఉన్నాడన్నమాట. డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఎత్తలేదు. చెమట కళ్ళలోకి కారుతుంటే తుడుచుకుంటూ, ఒక్కొక్కటీ ఆపుతూ, పెడుతూ కూర్చున్నాను. ఆఖరికి ఒక్కటి మిగిలింది. పేరు చూస్తే ఏవో మూడు అక్షరాలు.

"ఇదేంటన్నయ్యా?"

అన్నయ్య వంగి చూశాడు. "మా ఆఫీసుది," అన్నాడు.

ఆఫీసులో ఉన్నప్పుడు పొద్దున్నే మీట నొక్కగానే ప్రతి కంప్యూటరూ అక్కడి పెద్ద కంప్యూటరును పలకరించి, నిన్నటి పని దానికి అప్పగించి, ఇవాళ్టి పని తెచ్చుకునేదట. ఆ పలకరించే ప్రోగ్రాము ఇది. ఆఫీసు మూసేశారు. పెద్ద కంప్యూటరు ఏ పాత సామాన్ల కొట్లో ఉందో. ఇది మాత్రం నెట్ తగిలిన ప్రతిసారీ దాన్ని వెతుకుతోంది. ఎత్తేవాళ్ళు లేని ఫోనుకు రింగులు ఇస్తూ, మిగతా పనులన్నీ ఆపేసి కూర్చుంటోంది.

"రోజూ కనబడేదేరా ఇది, ఈ మూల చిన్న బొమ్మలా," అన్నాడు అన్నయ్య. "అలవాటైపోయి చూడలేదు." మౌస్ నా చేతిలోంచి తీసుకుని తనే ఆ ప్రోగ్రామును పీకేశాడు.

వైరు గుచ్చాం. అన్నయ్య గడియారం వైపు చూస్తున్నాడు. నేను బాణం గుర్తును తిప్పుతున్నాను. ఆగలేదు. కాసేపు చూశాం. ఆగలేదు. సంతోషమనేది మాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది, ఎందుకంటే వదిన అప్పటికే మైకు ముందు కూర్చుని, గొంతు సవరించుకుంటోంది. ఎంత సవరించుకున్నా గరగర పోవడం లేదు.

ఆపరేషన్‌కు ముందు మిగిలిన ఆ కొద్ది రోజులూ మేం తిన్నదేమిటో, పడుకున్నదెక్కడో నాకు గుర్తులేదు. వదిన చదివేది. గొంతు పట్టేస్తే గోరువెచ్చని నీళ్ళు తాగేది. మళ్ళీ చదివేది. కొన్ని వాక్యాలు మధ్యలో గాలిగా మారిపోయేవి. అమ్మ గోడవార కుర్చీలో ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ కూర్చునేది. వందల్లో సగం కూడా కాకముందే చివరి మధ్యాహ్నం వచ్చింది. వదిన ఒక వాక్యం మొదలుపెట్టింది. శబ్దం రాలేదు. పెదవులు మాత్రం కదిలాయి. మళ్ళీ ప్రయత్నించింది. మైకు ఆపేసి, నా వైపు చూసి, చాలని తలూపింది.

నేను లేచి ఫ్యాను వేశాను. ఎన్నాళ్ళకో తిరుగుతున్న ఆ రెక్కల చప్పుడుకు అమ్మ ఉలిక్కిపడి, "అయిపోయిందా?" అంది.

ఆపరేషన్ బాగా జరిగింది. వదిన మెడ మీద కట్టుతో ఇంటికొచ్చింది. ఆ తర్వాతి రోజులు నేను తలుచుకోను. అమ్మ "అమ్మాయ్" అని పిలిచేది. వదిన వచ్చి భుజం మీద చెయ్యి వేసేది. ఎటు నుంచి వస్తుందో తెలియక అమ్మ ప్రతిసారీ అదిరిపడేది. ఒకసారి, "చెప్పి రావే," అనేసింది. అని, నాలుక కరుచుకుని, ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు. క్రమంగా పిలవడం తగ్గించింది. తన గదిలోనే కూర్చునేది. వదిన గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోయేది. ఆమె చూసి వెళ్ళిందని అమ్మకు తెలియదు. మేం చెబితే తెలియాలి. ప్రతిదీ మేం ఎక్కడ చెబుతాం.

గొంతు తయారై ట్యాబ్‌లో వచ్చింది. మేడమ్ తనే తెచ్చింది. "వాక్యాలు తక్కువైనాయి. చివరి రోజుల గొంతు కాబట్టి గరగర కూడా వచ్చింది. ఏమనుకోకండి," అంది. వదిన టైపు చేసింది. "అత్తయ్యా, నేనే" అని పలికింది ట్యాబ్. వదిన గొంతే. కాకపోతే పొడుగు మాటల దగ్గర తడబడుతోంది.

అమ్మ విన్నది. గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. మేడమ్ ముందు మాకు తల కొట్టేసినట్టయింది. అంత తంటా ఇందుకేనా అనిపించింది. వదిన ట్యాబ్ అలమరలో పెట్టేసింది. అన్నయ్య తియ్యమన్నా తియ్యలేదు.

కొన్నాళ్ళకు, ఎండ కాస్త తగ్గి, సాయంత్రం కిటికీలు తెరుచుకున్న రోజు. నేను వీధి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. అమ్మ బల్ల దగ్గర కాఫీ ముందు పెట్టుకుని కూర్చుంది. ఆమెకు చక్కెర వ్యాధి. కాఫీలో పంచదార ఒక చెంచా దాటకూడదు. ఇంట్లో ఎవరి అలికిడీ లేదనుకుంది కాబోలు, డబ్బా తడుముకుని ఒక చెంచా వేసింది. చెవి రిక్కించి, మళ్ళీ చెంచా ముంచింది. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. చప్పుడు కాకుండా వెళ్ళి అలమర తెరిచి, ట్యాబ్ తీసింది. వేళ్ళు గబగబా కదిలాయి.

"అత్తయ్యా, అది రెండో చెంచా," అంది ఆ గరగర గొంతు.

అమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది. పంచదార కొంచెం బల్ల మీద రాలింది.

"ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నావన్నమాట," అంది అమ్మ.

వదిన టైపు చేస్తోంది. అమ్మ చెంచా అలాగే పట్టుకుని, తల ఆ గొంతు వచ్చిన వైపు తిప్పి, జవాబు కోసం ఆగింది.